కనపడేకోన మల్లయ్య

కనపడేకోన గుహలో విగ్రహం లేదు, దీపమూ పెట్టరు. ఇంత దూరం వచ్చి ఉత్త చీకటికి దండం పెట్టాలా అని గొణిగే భక్తులు ఏటా ఉంటారు. లోపల కాసేపు కూర్చున్నాక వారే చేతులు జోడించుకుని బయటికి వస్తారు. ఆ చీకటినే ఇక్కడ మల్లయ్యగా కొలుస్తారు.

పూర్వం ఇక్కడ బయ్యన్న అనే కాపరి, భార్య గురవమ్మతో కలిసి గొర్రెలు మేపుకునేవాడు. ఒక తొలకరికి గుహ ముందు పుట్టగొడుగులు లేచాయి. వాటిని తిన్న గొర్రెలు మేత మరిచి కొండకేసి చూస్తూ నిలబడ్డాయి. గొర్రె తిన్నది మనిషికి చేటు చేయదని కాపరుల నమ్మకం. బయ్యన్న కూడా తిన్నాడు. కొండ ఊపిరి పీల్చింది. రాయి, గొర్రె, వాన, ఆకాశం ఒక్క వెలుగైపోయాయి. ఆ వెలుగు మల్లయ్యే. ఋషులు ఏళ్ల తపస్సుతో అందుకునేది కాపరికి ఊరకే దొరికింది. ఊరకే దొరికింది గనుకే తిరిగివచ్చే దారి అతనికి తెలియలేదు.

ఒంటిని ఇంటికి మోసుకొచ్చారు గానీ బయ్యన్న రాలేదు. కన్నబిడ్డను పోల్చుకోలేదు, నోట్లో పెట్టిన సంగటి మింగలేదు. దయ్యం పట్టిందని మంచానికి కట్టారు. మనిషి చిక్కి శల్యమవుతుంటే గురవమ్మ గుండె చెరువైంది. తానూ ఆ పుట్టగొడుగులే తిని, అతడు పోయిన చోటికి పోయి వెంటబెట్టుకు రావాలనుకుంది. వాటిని కోసి ఒడిలో పెట్టుకుని, బిడ్డకు చివరిసారి పాలిస్తూ కునుకు తీసింది.

కలలో గొంగడి కప్పుకున్న ముసలాయన కనిపించాడు.

"ఇద్దరూ పోతే పిలిచేదెవురు తల్లీ? తప్పిపోయిన గొర్రెను తప్పిపోయిన కాడనే గదా ఎతకాల. కట్లిప్పి ఆడికే పిల్చుకపో. ఏం జూసినాడో అడుగు" అన్నాడు.

గురవమ్మ ఒడిలోవి పారేసి, భర్తను గుహలోకి నడిపించి పక్కన కూర్చుంది. భయం వేసింది, అయినా పట్టుకున్న చేయి వదల్లేదు. "ఏం జూస్తివి సామీ?" అని అడిగిందే అడిగింది. చివరికి అతని పెదవి కదిలింది.

"అంతా కనపడె. నేనే యాడా కనపళ్యా."

"నాకు కనపడ్తాండావు గదా" అంది గురవమ్మ.

బయ్యన్న ఆమె వైపు తిరిగి భోరున ఏడ్చాడు. తరువాత ఆకలి అన్నాడు. ఆమె పలికిన మాట మీదే ఈ కోనకు పేరు వచ్చింది.

నేటికీ తొలకరికి ఆ పుట్టగొడుగులు లేస్తాయి, ఎవరూ తాకరు. దర్శనానికి గుహ చీకటి చాలునని పెద్దలు చెబుతారు. లోపలి నుంచి వచ్చిన ప్రతివారికీ గుమ్మం వద్ద ఒకరు ఎదురు నిలిచి "నాకు కనపడుతున్నావు" అని చెప్పడం ఇక్కడి ఆచారం. మతి చెదిరినవారు ఆ మాటతో కుదుటపడతారని నమ్మకం. ఒంటరిగా వచ్చినవారికి వరుసలోని ముక్కూ మొహం తెలియనివారే చెబుతారు. దర్శనం అయిపోయి, ఆ మాట విన్నాక కూడా, ఒంటరిగా వచ్చిన కొందరు ముసలివారు మళ్లీ వెళ్లి వరుసలో చివర నిలబడుతుంటారు. వారిని ఎవరూ ఎందుకని అడగరు.