బీమక్క తాగిందా?

జర దగ్గరికి జరగండి. కూసునేటోళ్లు కూసోండి, పండుకునేటోళ్లు పండుకొనే వినండి. అనగనగా అంటె ఎప్పుడని మాత్రం నన్నడగొద్దు. గోదారి అప్పుడూ పారింది, ఇప్పుడూ పారుతున్నది. నాకు తెల్సింది అంతే.

ఆ కాలంల, గోదారికి అవతల అడవిల ఒక కోయగూడెం ఉండె. గూడెం చుట్టూ ఇప్పచెట్లు. ఆ గూడెంల బీమక్క అని ఒక ముసలామె. మొగడు ఎప్పుడో పోయిండు. ఉన్నది ఒక్క బిడ్డ, నాగి. చేను చెలక లేదు, గొడ్డు లేదు. ఆమెకు ఉన్నదల్లా ఒక సారబట్టి, మూడు మట్టికుండలు. కానీ బీమక్క కాసిన ఇప్పసార అంటె చుట్టుపక్కల గూడేలన్నీ నడిచొచ్చేటియి.

బీమక్కకు ఒక పట్టు ఉండె. ఎవరికి పోసినా సరే, మోదుగాకు దొప్పల మొదటి సార తనే తాగేది. నాలుకకు తగిలించి ఊసుడు కాదు. గుటుక్కున మింగేది. మింగి, కాసేపు ఊకె కూసునేది. "కాసినోళ్లు తాగినంకనే వచ్చినోళ్లు తాగాలె" అనేది. పెళ్లికైనా అంతే, పండుగకైనా అంతే, సావుకైనా అంతే.

"ముసల్ది తాగుడుకు మంచి సాకు ఎతుక్కున్నది" అని మొగోళ్లు నవ్వేటోళ్లు.

"ఎతుక్కున్న మరి! మీకు దొరకలే, నాకు దొరికింది. ఏం జేస్తరు?" అని ఆమె వాళ్లకంటె గట్టిగ నవ్వేది.

ఇగ గోదారికి ఇవతల, కోట లెక్కటి గడిల ఒక దొర ఉండె. అడవి నాది, గుట్ట నాది, వాగు నాది అనేటోడు. నాటినోడు కాదు, తవ్వినోడు కాదు, అయినా అన్నీ ఆయనవే! ఆ దొర కొత్త గడి కట్టాలని కూసున్నడు. దూలాలకు మాన్లు కావాలె. ఇప్పచెట్ల మీద కన్నుపడ్డది.

ఈ సంగతి తెల్సి గూడెం పెద్ద, జోగయ్య పటేలు, ఉరికిండు. పోయి దొర కాళ్ల మీద పడ్డడు.

"నీ బాంచెన్ దొరా, ఆ చెట్లే మాకు తల్లులు. పువ్వు ఎండబెట్టుకొని తింటం. గింజ గానుగాడి నూనె తీస్తం. సార కాసి దేవునికి పోస్తం. అవి పోతె మేం ఏం తిని బతకాలె?"

దొర మీసం దువ్విండు. "ఆ సార సంగతి నేనూ విన్న. వస్త. ఎట్ల కాస్తరో కండ్లార చూస్త. తాగుత. నచ్చిందా, చెట్లు ఉంటయి. నచ్చలేదా, గొడ్డళ్లు దిగుతయి."

జోగయ్య గూడెంకు వచ్చి బీమక్క ముందల కూలబడ్డడు. "అక్కా, మన బతుకు నీ కుండల ఉన్నదే" అని ఏడ్చిండు.

"ఏడుస్తవెందుకురా తమ్మీ? రానీ. కాస్త, పోస్త. నా సార నచ్చనోడు ఇంకా పుట్టలే" అన్నది బీమక్క.

జోగయ్య మనసు ఊకోలే. దొర మట్టిముంతల పోస్తె తాగుతడా అని గుబులు పట్టుకున్నది. అంగడికి పోయి, ఒక షావుకారి కాళ్లు పట్టుకొని, అటుక మీద పడేసిన ఇత్తడి బిందె అడుక్కొచ్చిండు. చింతపండు పెట్టి తోమి, తోమి, తోమి, బంగారం లెక్క మెరిపించిండు. ఎక్కడ తోమిండు? బయట! లోపల చెయ్యి పెట్టి చూడలే. లోపల పూసిన తగరం కళాయి ఎన్నడో పోయింది.

మీకు తెల్సు కదా అవ్వలారా, కళాయి పోయిన ఇత్తడిల పుల్లటిది పోస్తె కిలుం పడుతది, ఇసమైతది. సారల కూడ పులుపు ఉంటది. మీకు తెల్సు, మీ ఇండ్లల్ల ఇత్తడి ఉన్నది. ఆ గూడెంల ఒక్క ఇంట్ల ఇత్తడి లేదు. మట్టికుండల పుట్టి మట్టికుండల పెరిగినోళ్లు. కళాయి అనే మాటనే వాళ్లు వినలే.

జోగయ్య బీమక్కను రెండు కోరికలు కోరిండు. ఒకటి, కాసిన సార ఈ బిందెల పోసి పెట్టు. రెండోది, ఆ ఒక్కనాడు నీ పట్టు ఇడిసిపెట్టు, దొరనే ముందు తాగనీ. కోయోళ్లు ముందు తాగి ఇస్తె దొర ఎంగిలి అనుకుంటడు.

బీమక్క చానాసేపు ఆలోచన చేసింది. "బిందెల పోస్త. నీ మొకం చూసి ఒప్పుకుంటున్న. రెండోది మాత్రం కాదు తమ్మీ" అన్నది.

మంచిగ సార కాసి బిందెల పోసింది. దొర వచ్చె రోజు రానే వచ్చింది. రాలే దొర! తొవ్వల ఏటకు పోయిండట. సార రాత్రంత ఆ బిందెలనే ఉన్నది. మరునాడు పొద్దెక్కినంక గుర్రం మీద దిగిండు, ఎనక గొడ్డళ్లోళ్లు.

"ఏదీ, చూపియ్" అన్నడు.

బీమక్క ముందల నడిచింది, దొర ఎనక నడిచిండు. మొదట బండ మీదికి తోల్కపోయింది. ఆడ ఇప్పపూలు ఎండుతున్నయి. ఎండిన ద్రాక్ష లెక్క ముద్దుగ ఉన్నయి. దొర ఒక పువ్వు తీసి నోట్లె ఏసుకోబోయిండు.

"ఆగు దొరా. ముందు నేను" అన్నది బీమక్క. ఒకటి తిన్నది. "ఆఁ, ఇప్పుడు తిను."

దొర నవ్విండు.

తర్వాత నానబెట్టిన కుండ కాడికి తోల్కపోయింది. పువ్వు పులిసి నురగలు కక్కుతున్నది. దొర ఏలు ముంచి నాకబోయిండు.

"ఆగు దొరా. ముందు నేను" అన్నది బీమక్క. తనూ ఏలు ముంచి నాకింది. "ఆఁ, ఇప్పుడు చూడు."

దొర ఈసారి నవ్వలే. కనుబొమ్మలు దగ్గర పడ్డయి. జోగయ్యకు చెమటలు పట్టినయి.

ఆనంక బట్టి చూపింది. దొరకు చూపించెటందుకే పొద్దున ముట్టించిన బట్టి అది. కింద కుండల పులిసిన పువ్వు, దాని మీద బెజ్జాల కుండ, ఆ కుండ లోపల ఒక మట్టిముంత, అన్నిటి మీద చల్లనీళ్ల కుండ. ఆవిరి లేసి పైకి పోతది, చల్లటి అడుగుకు తగిలి చుక్కచుక్కగ ముంతల పడుతది. పైన నీళ్లు కాగుతుంటె ఒంపి కొత్తనీళ్లు పోయాలె. దొర గుడ్లప్పగించి చూసిండు.

"మంచిగున్నది. ఇగ సార పొయ్యి" అన్నడు.

జోగయ్య ఉరికిపోయి మెరిసే బిందె తెచ్చి పెట్టిండు. నాగి దొప్ప నింపింది. దొర చెయ్యి చాపిండు.

"ఆగు దొరా. ముందు నేను."

అంతే! దొర మొకం ఎర్రగైంది. "నువ్వు తాగి ఇస్తె నేను తాగాల్నా? నీ ఎంగిలా నాకు?"

"ఎంగిలి కాదు దొరా, పూచీ. కాసినోళ్లు తాగినంకనే వచ్చినోళ్లు తాగాలె." అని బీమక్క దొప్పెత్తి గుటుక్కున మింగింది.

మింగి, ఊకె కూసున్నది. గొంతుల ఏదో గీకినట్టయింది. నోరంత కిలుం వాసన. ఆమె కాసిన సార కాదది.

తలెత్తి జోగయ్యను చూసింది. జోగయ్య రెండు చేతులు జోడించి, కండ్లతోనే బతిమాలుతున్నడు. మంచిగున్నది అనవే అక్కా, ఒక్క మాట అనవే. ఎనక గొడ్డళ్లు. వాటి ఎనక ఇప్పచెట్లు. బీమక్కకు చెట్లంటె పానం. ఆ మాట అంటె దొర తాగుతడు, చెట్లు మిగుల్తయేమో. అనకుంటె చెట్లు పోతయి.

బీమక్క లేసింది. బిందెను రెండు చేతులతో ఎత్తి నేల మీద కుమ్మరించింది.

"ఓ యమ్మో!" అని జోగయ్య నెత్తి కొట్టుకున్నడు.

"ఇంత పొగరా! నరకున్రి!" అని దొర అరిసిండు.

"నరికించుకో దొరా" అన్నది బీమక్క. "రేపు కూడ నరికించుకో, ఎల్లుండి కూడ నరికించుకో. నువ్వు పానంతోని ఉంటవు కాబట్టి నరికించుకుంటవు. నా చేతి సార తాగి ఒక మనిషి పోయిండన్న మాట మాత్రం ఈ అడవిల పుట్టదు."

ఆ మాట అన్నంక ఆమె కడుపు పట్టుకొని కూలబడ్డది. పచ్చగ కక్కింది. నాగి "అవ్వా" అని తల్లి మీద పడ్డది. ఆడోళ్లు ఉప్పునీళ్లు తెచ్చి తాగిచ్చిన్రు, మళ్ల కక్కిచ్చిన్రు, మళ్ల తాగిచ్చిన్రు.

దొర ఉన్నకాడనే నిలబడి చూసిండు. ఆ దొప్ప తన చేతికి వచ్చి ఉంటె ఆడ పొర్లేది తనే. అది అర్థమైంది. గొడ్డళ్లోళ్లు ఎత్తిన చేతులు దించలే, కొట్టలే, దొర మొకం చూస్తున్నరు.

"దించున్రి" అన్నడు దొర, మెల్లగ.

మూడు పొద్దులు బీమక్క పానం ఊగులాడింది. మూడు పొద్దులు దొర గూడెం ఇడిసి పోలే. బట్టి కాడ మట్టిముంత నిండ సార అట్లనే ఉన్నది. ఆమె తాగలే కాబట్టి ఎవరూ ముట్టలే.

నాలుగోనాడు బీమక్క కండ్లు తెరిసింది. "ఆ దొరకు సార పోసిన్రా లేదా?" అన్నది. చూడున్రి ముసలిదాని పట్టు!

నాగి పట్టుకొని బట్టి కాడికి తీస్కపోయింది. బీమక్క దొప్ప ముంచి, మింగి, ఊకె కూసున్నది. దొర వచ్చి ఆమె ముందల నేల మీద కూసున్నడు. దొప్పకు రెండు చేతులు పట్టిండు. పట్టి, పిల్లగాని లెక్క అడిగిండు:

"బీమక్క తాగిందా?"

"తాగింది" అన్నది బీమక్క. గూడెం గూడెమంత పక్కున నవ్వింది. దొర తాగిండు. కండ్లు మూసుకొని తాగిండు. ఆ అడవిల ఇప్పచెట్టు మీద మళ్ల గొడ్డలి పడలే. జోగయ్య బిందెను ఒరగేసి కోడి గుడ్లు పెట్టె గూడు చేసిండు.

చాన ఏండ్లకు, పండుటాకు రాలినట్టు, బీమక్క నిద్రలనే పోయింది. మళ్ల పువ్వు రాలే కాలం వచ్చింది. నాగి బట్టి పెట్టింది. సార పడ్డది. గూడెమంత దొప్పలు పట్టుకొని కూసున్నది. ఒక్కరు నోటికి ఎత్తరు. ఎవరికీ చెయ్యి లేస్తలేదు.

నాగి ఒక దొప్ప ముంచి గుటుక్కున మింగింది. తల్లి లెక్కనే ఊకె కూసున్నది.

జోగయ్య అప్పటికి పండు ముసలోడు. అలవాటు కొద్ది నోరు జారిండు. "బీమక్క తాగిందా?" అన్నడు. అని, నాలుక కరుసుకున్నడు.

నాగి కండ్ల నీళ్లు గిర్రున తిరిగినయి. అయినా తలెత్తింది.

"తాగింది" అన్నది.

గప్పుడు తాగిన్రు అందరు.

ఇప్పటికీ ఆ అడవిల ఏ బట్టి కాడికి పోయినా, ఎంత పెద్దమనిషి పోయినా, దొప్ప ముందల పెట్టుకొని ఆ మాట అడగాలె. కాసినోళ్లు తాగి జవాబు చెప్పాలె. సార కాడనే కాదు. పిల్లగానికి చేదుమందు పోసె తల్లి, ముందు తను ఒక గుటక మింగుతది. "బీమక్క తాగింది, ఇగ నువ్వు తాగు బిడ్డా" అంటది. పిల్లగాడు నోరు తెరుస్తడు.