తురంజిలో పోలమ్మ ముడి

మా తాతల తాతలకే పాతబడిన మాట ఇది. కొల్లేటి ఒడ్డున తివాచీలు నేసే సాయిబుల పేట ఒకటి ఉండేది. వాళ్ల పెద్దలు పారశీకం నుంచి ఓడెక్కి వచ్చారు. తివాచీ నడుమ నేసే పెద్ద పువ్వును వాళ్లు తురంజి అనేవారు. అది వాళ్ల దేశంలో ఒక పండు పేరు. ఆ పండును చూసినవాళ్లు పేటలో లేరు. మూడు తరాలుగా దాన్ని ఎర్ర ఉన్నితో నేస్తున్నారు.

పేటపెద్ద రుస్తుం సాయిబు మంచాన పడ్డాడు.

"చిన్నప్పుడు తాత పెట్టెలో తురంజి ఎండు తొక్క ఉండేది. పోయేలోగా ఆ వాసన ఒక్కసారి చూడాలిరా" అన్నాడు కొడుకుతో.

కొడుకు గౌసు నిమ్మపండు తెచ్చాడు. ముసలాయన వాసన చూశాడు. "ఇది కాదు."

నారింజ తెచ్చాడు. "ఇది కాదు."

పంపరపనస తెచ్చాడు. "ఇది కాదురా. నన్ను విసిగించకు."

ఉన్ని ఉతికే పోలమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. ఆమె ఇంటి వెనక నిమ్మజాతి మాదీఫలం చెట్టు ఉంది. ఏడాదిగా ఆమెకు కడుపు జబ్బు. ఆ పులుపు చప్పరిస్తేనే గంజి లోపల నిలిచేది. చెట్టుకు మిగిలింది ఒక్కటే పండు.

ఇంటికి పోయి కోయబోయింది, ఆగింది. రెండోసారీ ఆగింది. మూడోసారి కోసింది.

"తాతా, వాసన చూసి ఇచ్చెయ్. అది నా గంజిలోకి" అంటూ చేతిలో పెట్టింది.

రుస్తుం సాయిబు కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు. "ఇదే" అన్నాడు. కళ్లు తెరిచాడు. "పసుపుగా ఉందేమిరా గౌసూ? మనం ఎర్రగా నేశామే."

"మీరు ఎర్రగా నేస్తే అది ఎర్రగా కాస్తుందా తాతా?" అన్నది పోలమ్మ.

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వుతోనే ఊపిరి పోయింది. వేళ్లు పండు చుట్టూ బిగిసిపోయాయి. గౌసు విప్పబోయాడు.

పోలమ్మ అతని చేయి పట్టుకుంది. "ఉండనియ్యి బాబూ. దూరం పోయేవాడు, వట్టి చేతులతో ఎందుకు?"

పండుతోనే ఆయన్ను మట్టిలో పెట్టారు.

పోలమ్మకు గంజి నిలవలేదు. మూడు వారాలకు ఆమె కూడా పోయింది. ఆ పండు ఆమెకు ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు చెప్పారు ఇరుగుపొరుగువాళ్లు. గౌసు అది విన్నాడు. మగ్గం ఎక్కి, ఎర్ర తురంజి నట్టనడుమ ఒక్క పసుపు ముడి వేశాడు.

ఆ పేటలో నేసేటప్పుడు ఒకరు రంగులు పైకి చదువుతారు. "రెండు ఎరుపు, ఒకటి నలుపు" అంటే, మిగిలినవాళ్లు అదే మాట అని ముడి వేస్తారు. అప్పటినుంచీ తురంజి నడిమికి వస్తే మాత్రం చదివేవాడు రంగు చెప్పడు.

"పోలమ్మ తిన్నదా?" అంటాడు.

"తినలేదు" అంటారు అందరూ.

పసుపు ముడి వేసి మగ్గం దిగుతారు. పేటలో ఎవరింట జబ్బుమనిషి ఉంటే ఆ ఇంటికి గంజి పంపుతారు. వాళ్లు తిన్నారని కబురు వచ్చాకే మళ్లీ మగ్గం ఎక్కుతారు.