నాంచారమ్మ బిందె

సాగునీటి మంత్రి సుదర్శనానికి కంటి మీద కునుకు లేదు. వరసగా గెలుస్తూ వచ్చినవాడు, రోజూ టీవీలో కనిపించేవాడు. అలాంటి మనిషికి ఒక్క కాలనీలో అడుగు పెట్టాలంటే భయం.

జలాశయం కింద ఊరు మునిగినవాళ్ల కాలనీ అది. ఊరు ఖాళీ చేయించిన రోజు, ఏడాది తిరిగేసరికి ఇంటింటికీ కుళాయి పెట్టిస్తానని మైకులో చెప్పింది అతనే. ఏళ్లు గడిచాయి, కుళాయి రాలేదు. ఈసారి ఆ ఓట్లు పడకపోతే ఓడిపోతావని పార్టీ తేల్చి చెప్పింది. ప్రచారానికి వెళ్లిన తమ్ముడి కారు అద్దాలు అక్కడే పగిలాయి.

అతని గురువు నాంచారమ్మ ఉండేదీ అక్కడే. ఆశ్రమం మునిగితే జనంతోపాటే వచ్చేసింది. ఒకరోజు పొద్దున్నే సుదర్శనం గన్‌మెన్‌ను వెంటబెట్టుకుని, దొడ్డిదారిన వెళ్లి ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

"భయంగా ఉందమ్మా. తాయెత్తు ఏదైనా కట్టండి."

"ట్యాంకర్ వచ్చే వేళయింది" అందామె. "ఈ బిందె లైన్లో పెట్టి నీళ్లు పట్టుకురా. నీ గన్‌మెన్ ఇక్కడే ఉంటారు, టీ పెట్టిస్తాను."

"నన్ను చూస్తే చంపేస్తారమ్మా."

"బిందెకు సొట్ట పడనివ్వకు."

తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్లి లైన్లో చివర బిందె పెట్టాడు.

"ఏ ఇంటి అల్లుడివయ్యా?" అంది ముందున్న ఆవిడ. "నీళ్లకు మగాణ్ణి పంపారంటే ఆ ఇంటి ఆడవాళ్లు అదృష్టవంతులే."

"నాంచారమ్మగారు పంపారు" అని గొణిగాడు.

"ఓట్లకు మంత్రి వస్తాడంట కదే" అని ఇంకెవరో అందుకున్నారు.

"రానీ. ఖాళీ బిందెలు దండ గుచ్చి మెళ్లో వేద్దాం."

అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయాడు. తువ్వాలు ముఖం మీదికి ఇంకాస్త లాక్కున్నాడు.

బిందె జరపడానికి వంగినప్పుడు తువ్వాలు జారింది. మాటలు ఆగిపోయాయి. ట్యాంకర్ గొట్టంలోంచి నీళ్లు పడుతున్న చప్పుడొక్కటే మిగిలింది. ఎవరూ తిట్టలేదు, రాయి తీయలేదు. చూస్తూ నిలబడ్డారు. పారిపోదామనుకున్నాడు గాని, వాళ్లకు వీపు చూపించే ధైర్యం చాలలేదు.

"బిందె జరుపు" అన్నారెవరో వెనక నుంచి.

జరిపాడు. సరిగ్గా అతని దగ్గరికి వచ్చేసరికి ట్యాంకర్ ఖాళీ అయింది. వెనకవాళ్లు ఖాళీ బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయారు. అల్లుడివా అని అడిగిన ఆవిడ చంకన బిందెతో నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, సగం నీళ్లు అతని బిందెలో వంచింది.

"అమ్మకు" అంది. "నీకు కాదు."

బిందె తెచ్చి గురువు ముందు దించాడు. ఆమె గ్లాసు ముంచి ఇచ్చింది. ఒక్క గుక్క తాగి గ్లాసు దించాడు.

"ఒక్కళ్లూ ఒక్క మాట అనలేదమ్మా. ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది."

నాంచారమ్మ బిందె మీద మూత పెట్టింది.

"రేపు ట్యాంకర్ ఇంకాస్త ముందే వస్తుంది" అంది. "తెల్లారకముందే వచ్చి లైన్లో నిలబడు."