తాబేలు పొట్టలో ఊరు

దక్షిణామూర్తికి నలభై ఆరేళ్ళు. శాస్త్రచర్చలో అతని ముందు నిలిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అలాంటి మనిషి, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, గోశాల వెనక నక్కి పిల్లల కథల పుస్తకం చదువుతున్నాడని తెలిస్తే? కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో ఇక తలెత్తుకు తిరగగలడా?

ఆ భయంతో రెండు నెలలుగా అతనికి అన్నం సయించడం లేదు. చదవడం మాత్రం మానలేదు.

ఇదంతా అతిథుల గదిలో మొదలైంది. ఎవరో యాత్రికుల పిల్లలు మంచం కింద ఒక పుస్తకం మరిచిపోయారు. ఎవరిదో చూసి పంపిద్దామని తెరిచాడు. మిన్ను అనే పదకొండేళ్ళ పిల్ల, మాట్లాడే గద్ద, ఊళ్ళకి ఊళ్ళు మింగే తాబేలు. పంపడం మాట మరిచి చివరిదాకా చదివేశాడు. అట్ట వెనక చూస్తే మొత్తం ఏడు భాగాలట. తక్కినవి ఒక్కొక్కటే పోస్టులో తెప్పించుకోసాగాడు, పోస్ట్‌మన్‌కి గేటు దగ్గరే ఎదురెళ్ళి మరీ. ఆశ్రమంలో గ్రంథాలన్నీ కాషాయం గుడ్డలో చుట్టి పెడతారు. ఎవరికీ అనుమానం రాకుండా వీటినీ అలాగే చుట్టి గూట్లో పెట్టాడు. అంత శాస్త్రం చదివిన బుర్రకి ఉపాయాలకేం తక్కువ!

వ్యాసపూర్ణిమ వచ్చింది. పాఠం చెప్పే అధికారం కోరే శిష్యుడు ఆ రోజు తన గ్రంథం మూట తెచ్చి గురువు ముందు పెట్టాలి. పూర్ణబోధ స్వామి కళ్ళు మూసుకుని ఏదో ఒక పుట తీస్తారు. ఆ పుటని అందరి ముందూ వివరించాలి. దక్షిణామూర్తి పదకొండేళ్ళుగా తడబడకుండా వివరిస్తూనే ఉన్నాడు. స్వామి ఏటా ఒకటే మాట అంటారు. "బాగుంది నాయనా. వచ్చే ఏడు చూద్దాం." అతని తర్వాత వచ్చినవాళ్ళు ఇద్దరు అప్పుడే పాఠాలు చెబుతున్నారు. తనలో ఏ లోపం చూసి ఆపుతున్నారో అతనికి అంతుపట్టలేదు, అడిగే ధైర్యమూ చాలలేదు.

ఆ ఉదయం, మనసు కుదుటపడుతుందేమోనని నాలుగో భాగంలో కొన్ని పుటలు చదివాడు. ఇంతలో గంట మోగింది. గబగబా గుడ్డ చుట్టేసి గూట్లో పెట్టి, చేతికందిన మూట లాక్కుని పరుగెత్తాడు.

స్వామి ముడి విప్పారు. కళ్ళు మూసుకుని పుట తీసి, అప్పుడు చూశారు. రంగుల బొమ్మ. తాబేలు నోట్లో లాంతరు పట్టుకుని నిలబడ్డ పిల్ల.

దక్షిణామూర్తి ఆ బొమ్మని గుర్తుపట్టాడు. ఇన్నాళ్ళూ లేని లోపాన్ని తన చేతులతో తనే తెచ్చి స్వామి ముందు పెట్టాడు.

"తప్పయిపోయింది స్వామీ. మూట మారింది. గ్రంథం తెస్తాను."

"వచ్చిన పుట చెప్పాలి కదా నాయనా."

"ఇది పిల్లల కథ స్వామీ."

"చెప్పు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అతను బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఈ పిల్ల పేరు మిన్ను. వాళ్ళ అమ్మమ్మ ఉన్న ఊరిని ఈ తాబేలు మింగేసింది. అమ్మమ్మని తెచ్చుకోవడానికి పిల్ల దాని నోట్లోకి దిగింది..."

సిగ్గుతో గొణిగినట్టే మొదలుపెట్టాడు. తాబేలు పొట్టలో ఊరు ఊరంతా చెక్కుచెదరకుండా ఉందనీ, వీధులున్నాయనీ, పొయ్యిలు వెలుగుతున్నాయనీ, కానీ ఆకాశం ఎలా ఉంటుందో అక్కడివాళ్ళంతా మరిచిపోయారనీ చెప్పేసరికి ఆ సిగ్గు ఎటు పోయిందో పోయింది. లేని లాంతరు పట్టుకున్నట్టు చెయ్యి పైకి లేచింది.

"లాంతర్లో నూనె అడుగంటింది. వెనక తాబేలు నోరు మూసుకుంటోంది. లోపల్నించి అమ్మమ్మ పిలుస్తోంది. ఇప్పుడు ముందుకెళితే మళ్ళీ బయటపడే దారి లేదు."

ఆగాడు. ఎవరూ కదల్లేదు. వంట చూసే సూరమ్మగారు గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది.

"వెళ్ళిందా బాబూ?" అంది.

"తెలియదమ్మా. అక్కడిదాకానే చదివాను. పొద్దుట్నుంచీ నాకూ అదే బెంగగా ఉంది."

అన్నాక గానీ తను ఎక్కడున్నాడో గుర్తు రాలేదు. తల దించుకున్నాడు. ఈసారి వచ్చే ఏడన్న మాట కూడా ఉండదనుకున్నాడు.

స్వామి పుస్తకం మూసి, గుడ్డ చుట్టి, ముడివేసి అతని చేతికిచ్చారు.

"రేపటినుంచి పాఠం నువ్వు చెప్పు."

అతను చేతిలోని మూట వంక చూశాడు.

"ఇవాళ శాస్త్రం ఒక్క ముక్క చెప్పలేదు స్వామీ. పదకొండేళ్ళు చెబితే ఇవ్వలేదు."

"ఆ పదకొండేళ్ళూ నీకు తెలియనిదంటూ లేదు కదా," అన్నారు స్వామి. "అందుకే ఇవ్వలేదు."