నాలుగు సెకన్లు

పరదేశి మాస్టారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు. ముందు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు. ఆ తుడవడం అయ్యేసరికి అడిగినవాళ్లకే తమ ప్రశ్న మీద అనుమానం పుడుతుంది.

ఆ సాయంత్రం ట్యూషన్లో అడిగింది నూకరత్నం. ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా ఆయా పని చేస్తున్న మనిషి. ఇంటర్ ఫిజిక్సు గట్టెక్కితే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరవచ్చు. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరుసారి. పరీక్ష పదకొండు రోజుల్లో ఉంది.

"మాస్టారండీ, ఒకే లెక్క ఏడుసార్లు చేసి ఏడుసార్లూ తప్పు తెచ్చుకున్నదానికి ఇంక పరీక్షెందుకండీ? ఓపిక లేదండి. మానేస్తాను."

లెక్క పెద్దదేం కాదు. నలభై మీటర్ల మేడ మీంచి సెకనుకు పది మీటర్ల వేగంతో రాయిని నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంతసేపటికి నేల తాకుతుంది? గైడు వెనక జవాబు రెండు సెకన్లని ఉంది. ఆమెకు ఎప్పుడు చేసినా నాలుగే వస్తోంది. ట్యూషన్లో మిగతా ఎనిమిదిమందిమీ రెండే తెచ్చుకున్నాం. ఒకాయన మైనస్ గుర్తును చప్పుడు చేయకుండా మింగేశాడు. నేను 'సూక్ష్మీకరించగా' అని రాసి సరాసరి రెండు దగ్గర దిగాను. అందరం పగలంతా ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాళ్లమే. జవాబు కలిస్తే ఇంటికెళ్లొచ్చు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు గానీ లెక్క చూడలేదు. "రెండు గులకరాళ్లు తేమ్మా" అన్నారు. మోకాళ్ల నొప్పితో మెట్టుకోసారి ఆగుతూ మూడో అంతస్తు డాబా ఎక్కారు. మేమూ ఈసురోమంటూ వెనకాలే ఎక్కాం. కింద సందులో ఎవరూ లేరని చూసి, "ఒకటి పైకి విసురు. రెండోది అదే క్షణాన ఊరికే వదిలెయ్" అన్నారు.

టక్కుమంది. కాస్త ఆగి మళ్లీ టక్కుమంది.

"ముందు పడిందేది?"

"వదిలేసిందండి."

"అలా వదిలేసిన రాయి లెక్కలోని నలభై మీటర్లు దిగాలంటే ఎంతసేపు?"

నూకరత్నం పిట్టగోడ మీద వేలితో లెక్క వేసింది. "రెండు ముప్పావు సెకన్ల పైనేనండి" అని, ఠక్కున ఆగిపోయింది. "మరి పైకెళ్లిన రాయి రెండింటికే ఎలా దిగుతుందండీ?"

నాకు సిగ్గేసింది. ఆమెకు మాత్రం కోపమొచ్చింది.

"గైడే తప్పన్నమాట! వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్నానండి. మీకు ముందే తెలుసా?"

"ఈ గైడు చేతికొచ్చిన తొమ్మిదేళ్ల కిందటే తెలియాల్సింది" అన్నారు మాస్టారు. "ఈ లెక్క వచ్చినప్పుడల్లా ఇంటికెళ్లి చేసుకోండని దాటేస్తూ వచ్చాను. నాకూ ఓపిక లేకపోయిందమ్మా."

ఆమె మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. మెల్లగా అడిగింది. "పరీక్షలో ఏది రాయమంటారండీ? దిద్దేవాళ్ల దగ్గర కూడా ఈ గైడే ఉంటేనో?"

మాస్టారు గోడ పట్టుకుని మెట్ల వైపు తిరిగారు.

"ఉంటే ఉండనీ. రాసేటప్పుడు నీ దగ్గర గైడుండదు, నేనూ ఉండను. నువ్వూ ఆ రాయీ, అంతే."