కొత్త రథం, జీవితకాల సుంకం

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే దానికీ రుసుము అడుగుతారేమోనని చెప్పడం లేదు గానీ, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. పొగడ్త లేనిదే ముద్ద దిగదు, అంతే. ఆయన లేచినా కూర్చున్నా వందిమాగధులు "ఆచంద్రతారార్కం వర్ధిల్లు ప్రభూ!" అని కేకపెట్టాలి. సూర్యచంద్రులూ నక్షత్రాలూ ఉన్నంతకాలం బతకమని దీవెన. వినీ వినీ అది నిజమే కాబోలు అనుకోసాగాడు రాజు.

ఆయన కొలువులో కూచన్న అనే విదూషకుడు ఉండేవాడు. రాజును నవ్వించీ నవ్వించీ అలిసిపోయిన మనిషి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. తాను మనసారా నవ్వి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

దసరా దగ్గరపడుతుండగా రాజుకు కొత్త రథం మీదికి మనసు పోయింది. పొరుగు రాజ్యపు వడ్రంగులు చేసిన రథాలు కుదుపు లేకుండా పోతాయని ఎవరో చెవిన వేశారు. బేరం కుదిరింది, సొమ్మూ పంపేశారు.

"కూచన్నా, నువ్వే వెళ్లి తోలుకురా. ఆయుధపూజనాడు కోటగుమ్మం ముందు చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా చూస్తుండగా ఎక్కాలి నేను."

"చిత్తం ప్రభూ. మరి మన సరిహద్దులో సుంకం మాటేమిటి? మినహాయింపు ముద్ర ఏదైనా..."

"మినహాయింపా? రాజుకైనా రైతుకైనా సుంకం ఒక్కటే! అది నా ధర్మం. మహా అయితే ఎంతవుతుంది, ఒక వరహా!" అని వరహా ఒకటి విసిరాడు రాజు. సభంతా జేజేలు కొట్టింది. కూచన్న నిట్టూర్చి, వరహాను ఉత్తరీయం కొసన ముడివేసుకున్నాడు.

ఆ ముడి పొరుగు రాజ్యంలోనే విడిపోయింది. బండిని పొలిమేర దాటనిచ్చినందుకు వాళ్లకో రుసుము ఉందట. తీరా మన సరిహద్దుకు వస్తే తాత్కాలిక ముద్రకు రుసుము, రథం కొత్తదో కాదో చూసినందుకు రుసుము, చూసినట్టు రాసినందుకు ఇంకో రుసుము. కూచన్న చెవిపోగులు ఒకదానికి, ఉంగరం ఒకదానికి, భుజాన ఉన్న ఉత్తరీయం ఒకదానికి చెల్లిపోయాయి.

"ఇక వెళ్లనా నాయనా?"

"అసలుది ఇంకా మొదలే కాలేదు. జీవితకాల సుంకం ఉంది. అలా పక్కన కూర్చోండి" అన్నాడు సుంకాధికారి పేర్రాజు.

పక్కన అప్పటికే ఒక బండి ఉంది. అదీ కొత్తదే. కాని చక్రాల చువ్వల మధ్య గడ్డి మొలిచింది. ఎడ్లు పేర్రాజు పాకలో కట్టేసి ఉన్నాయి. బండి కింద నీడలో నూకాలు అనే ఉప్పమ్మే ఆవిడ కూర్చుని ఉంది.

"ఇదేం సుంకం తల్లీ?" అని అడిగాడు కూచన్న, ఆవిడ పక్కనే చతికిలబడుతూ.

"పరదేశంలో బండి కొన్నోళ్లు బతికినన్నాళ్లూ తిప్పుకుంటారంట కదా బాబయ్యా. ఆ అన్నేళ్ల పన్నూ ముందే కట్టేయాలంట. ఎన్నేళ్లు బతుకుతానో ఆయనే కట్టాడు లెక్క."

"ఎలా కట్టాడు?"

"ఎడ్లకి సూసినట్టు నా పళ్లు సూసి! గట్టిగున్నాయి, ఇంకా నలభయ్యేళ్లన్నాడు. బతకను మొర్రో అంటే, బతకవని సాచ్చికం తెమ్మంటాడు. దసరా ఎళ్లగానే బండి ఏలం ఏసేత్తారంట. మళ్లీ నెత్తి మీద ఉప్పు మొయ్యాల. మెడ నరాలు ఎప్పుడో పోనాయి." ఒక గడ్డిపరక పీకి పారేసింది. "సూడండి బాబయ్యా. బతుకుతానని పన్నేత్తారు, బతకనీరు."

మాటలు అమ్ముకుని బతికినవాడికి ఆ మాట సూటిగా తగిలింది. కూచన్నకు సిగ్గేసింది. ఈ సుంకం పెట్టిన రోజున, అదేమిటో కూడా అడగకుండా సభలో జేజేలు కొట్టినవాళ్లలో తానూ ఉన్నాడు.

ఇంతలో పేర్రాజు పిలిచాడు. "రథం ఎవరి పేరున?"

"ఉద్దండవర్మ ప్రభువుల పేరున."

పేర్రాజు గభాల్న లేచి నిలబడ్డాడు. "అయ్యయ్యో, ముందే చెప్పకూడదా! తోలుకెళ్లండి, తోలుకెళ్లండి!"

"రాజుకైనా రైతుకైనా ఒక్కటే అని ప్రభువుల ఆజ్ఞ. వదిలేశావని తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా? కట్టు లెక్క."

పేర్రాజు గంటం పట్టుకున్నాడు. "ప్రభువులకు అరవై దాటాయి కనుక, ఇంకో ఇరవై ఏళ్లు వేసుకుందామా?"

"ఇరవై ఏళ్లలో ప్రభువులు పోతారని రాస్తావా? రాయి నాయనా. నీ పేరు కూడా కింద రాయి. సభలో చదివి వినిపిస్తాను."

గంటం జారి కిందపడింది. "మరి మీరే సెలవివ్వండి!"

"రోజూ కొలువులో ఏమని దీవిస్తారో అదే రాయి."

పేర్రాజు 'ఆచంద్రతారార్కం' అని రాసి, గవ్వలు పేర్చడం మొదలుపెట్టాడు. గవ్వలు అయిపోయాయి. చింతగింజలు తెప్పించాడు, అవీ అయిపోయాయి. ఆకాశం వంక చూశాడు. చివరికి నీరసంగా, "రథమూ గుర్రాలూ జమకట్టుకున్నా చాలదండీ. మిగతాది ఖజానా బాకీ" అన్నాడు.

"అలాగే కానీ" అని, చెర్నాకోల ఒక్కటే చేతబట్టుకుని నడక సాగించాడు కూచన్న.

ఆయుధపూజనాడు రాజు ముత్యాల తలపాగా పెట్టుకుని కోటగుమ్మంలో నిలబడ్డాడు. పురోహితుడు నిమ్మకాయలు పరిచాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ జనంలోంచి దుమ్ము కొట్టుకుపోయిన కూచన్న కుంటుకుంటూ వచ్చి, చెర్నాకోలను రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"రథమేదోయ్?"

"సరిహద్దులో ఆగింది ప్రభూ."

"నా రథాన్ని ఆపిందెవడు?"

"తమ ధర్మమే ప్రభూ. జీవితకాల సుంకం."

"కట్టిపారేయక! ఎంతట?"

"లెక్క తేలలేదు. సుంకాధికారి పేర్రాజు తమ ఆయుష్షు అడిగాడు, ఆచంద్రతారార్కం అని చెప్పాను. నక్షత్రాలు ఎప్పుడు రాలతాయో తెలిస్తే గాని తేలదట. ఖజానా అంతా కుమ్మరించినా ఇంకా బాకీయేనట."

రాజు ముఖం జేవురించింది. "బుద్ధుందా నీకు! కాస్త తగ్గించి చెప్పకపోయావా?"

"ఇప్పుడైనా మించిపోయింది లేదు ప్రభూ. పదేళ్లని సెలవివ్వండి, రథం రేపే గుమ్మంలో ఉంటుంది. వందిమాగధులూ ఇక్కడే ఉన్నారు. ఇకమీదట 'పదేళ్లు వర్ధిల్లు ప్రభూ' అని కేకపెట్టమందాం."

పురోహితుడు నిమ్మకాయలు సర్దుతున్నట్టు తల దించుకున్నాడు.

"అయితే నా రథానికి మినహాయింపు ఇస్తున్నాను" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"మహాప్రసాదం. రాజుకైనా రైతుకైనా ఒక్కటే అన్నారు గనక, రథం పక్కనే ఆగిన ఉప్పుబండికీ అదే వర్తిస్తుంది కదా? ఆ బండి గలావిడకు పళ్లు చూసి ఆయుష్షు కట్టారు ప్రభూ. బతుకుతానని పన్ను వేస్తారు, బతకనివ్వరు అంది. తమ విషయంలో ఏదో బయట పడ్డాం. పేర్రాజుకు తమ పళ్లు చూసే ధైర్యం లేకపోయింది."

రాజు ఆ మాట కాసేపు నమిలాడు. మీసం కింద పెదవి వణికింది. "నా పళ్లు చూస్తాడా వాడు!" అని ఒక్కసారిగా పకపకా నవ్వాడు. ఊడిన పన్ను తాలూకు సందు కూడా ఊరందరికీ కనిపించింది. "జీవితకాల సుంకం రద్దు! ఆగిన బండ్లన్నీ వదిలేయండి! కూచన్నా, ఆ రథం నీకే బహుమానం!"

కూచన్న రెండు చేతులూ జోడించాడు. "అంతమాట అనకండి ప్రభూ! పేరు మార్పిడి రుసుముకు ఇవ్వడానికి నా దగ్గర చెవిపోగులు కూడా లేవు."

రాజు మళ్లీ నవ్వి, తన మెడలోని హారం తీసి ఆయన మెడలో వేశాడు.

ఆజ్ఞాపత్రం పట్టుకుని సరిహద్దుకు కూచన్నే వెళ్లాడు. ఇంకొకరి మీద వదిలేయడానికి మనసొప్పలేదు. కోట సారథి రథాన్ని తోలుకుపోయినా తాను ఎక్కలేదు. ఎడ్లు పాకలోంచి బయటికొచ్చి, ఉప్పుబండి కదిలి, పొలిమేర కర్ర దాటేదాకా చూసి, అప్పుడు ఇంటిదారి పట్టాడు.

కాస్త దూరం వెళ్లాడో లేదో వెనక చక్రాల చప్పుడు వినిపించింది.

"ఎక్కండి బాబయ్యా" అంది నూకాలు.

"ఎక్కడానికి ఎంత తల్లీ?" అలవాటైన భయంతో అడిగాడు.

"ఏటీ వద్దు. ఓసారి నోరు తెరవండి, పళ్లు సూత్తాను."

కూచన్న నోరు తెరిచాడు. అందులోంచి నవ్వొచ్చింది. తన ఇంటి గుమ్మం ముందు బండి ఆగేదాకా ఆ నవ్వు ఆగలేదు.