నీలం బండికి ఎర్ర బండి షాకబ్జర్లు

రేసు ట్రాకు గేటు పక్కన మూడో షెడ్డు గవర్రాజుది, అతని ఇద్దరు తమ్ముళ్ళదీ.

"ఈ ఊరి తెలివంతా ఒక డ్రమ్ములో పోస్తే ముప్పావు డ్రమ్ము మనదేరా," అనేవాడు గవర్రాజు రోజూ టీ తాగుతూ.

"మిగతా పావూ మనదే అన్నయ్యా. చిల్లుండి కారిపోయుంటుంది," అని సవరించేవాడు నూకరాజు.

మూడోవాడు పైడిరాజు లేచి ఆ డ్రమ్ము ఎక్కడుందో వెతకడానికి వెళ్ళేవాడు.

ఈ ముగ్గురికీ ఒక మేనకోడలు, దమయంతి. నాలుగు చక్రాల రేసు బండి నడుపుతుంది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి సీజన్లో ఆఖరి రేసు. మొదటి అయిదుగురిలో వస్తే వచ్చే ఏడాదికి ఒక టైర్ల కంపెనీ ఆమెకి కొత్త బండి ఇస్తానంది. రాకపోతే హెల్మెట్ అటక మీదికే.

ఇంత ముఖ్యమైన రోజున ఆమె నీలం బండి షాకబ్జర్ల నుంచి నూనె కారుతోంది. గుంతలో పడితే కప్పలా గెంతుతోంది. షెడ్డులో ఎర్ర బండి ఒకటుంది. అది వేరే మోడలు, ఇంజను ఎప్పుడో పీకేశారు. షాకబ్జర్లు మాత్రం కొత్తవి.

"మావయ్యా, ఎర్రదాని షాకబ్జర్లు నాలుగూ తీసి నీలందానికి పెట్టండి," అంది దమయంతి. "మోడళ్ళు వేరు కాబట్టి బోల్టు కన్నాల్లో తేడా రావచ్చు. వస్తే నాకు ఫోన్ చెయ్యండి. బలవంతంగా మాత్రం ఏదీ బిగించొద్దు. దేనికి అతికేది దానికే."

అలా చెప్పి డ్రైవర్ల మీటింగుకి వెళ్ళింది. తేడా రానే వచ్చింది. షాకబ్జర్ కన్నం పెద్దది, నీలం బండి బోల్టు చిన్నది.

"నూకా, ఫోన్ చెయ్యి."

"చేశానన్నయ్యా."

"ఏమంది?"

"ఏమంటుంది? ఎత్తకముందే పెట్టేశాను. చెయ్యమంది గానీ, మాట్లాడమనలేదు కదా!"

"అదీ తెలివంటే!" అని గవర్రాజు తమ్ముడి వీపు తట్టాడు. "ఇప్పుడు ఆలోచించు. ఈ షాకబ్జర్ దేనికి అతుకుతుంది? ఎర్ర బండి చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేతికి. కాబట్టి ఆ చెయ్యి కూడా ఇటు తెచ్చెయ్యి."

అంతే. ఎర్రదాని చేతులొచ్చాయి. అవి నీలం ఫ్రేముకి అతకలేదు. దాంతో ఎర్ర ఫ్రేమే వచ్చింది. దానికి నీలం చక్రాలు పట్టలేదు. ఎర్ర చక్రాలొచ్చాయి. ఇంకేముంది, సీటొచ్చింది, స్టీరింగొచ్చింది, పైతొడుగూ వచ్చింది.

"మరి విప్పిన నీలం సామాను?" అన్నాడు పైడిరాజు. "నేల మీద పెడితే మట్టి అంటుకుంటుంది కదన్నయ్యా."

"ఎర్రది ఖాళీ చేసిన చోట బిగించు. దేనికి అతికేది దానికే సుమా!"

రెండున్నరకి పని పూర్తయింది. నీలం బండి ఉన్నచోట ఎర్రది, ఎర్రది ఉన్నచోట నీలందీ ఠీవిగా నిలబడ్డాయి. పొద్దున్నే రెండింటినీ చెరోపక్కకి తోసుంటే రెండు నిమిషాల పని. కానీ తోసేవాళ్ళకి చెమట పట్టదు, చెమట పట్టనిదాన్ని వీళ్ళు పనే అనరు.

దమయంతి పరుగున వచ్చింది. "ఇంజనేది?"

"ఈ మోడల్‌కి అతకలేదమ్మీ, నీలందాన్లోనే ఉంది. బలవంతం చెయ్యొద్దన్నావు కదా," అన్నాడు గవర్రాజు. "షాకబ్జర్లు చూడు, ఎంత బాగా కూర్చున్నాయో!"

దమయంతి కళ్ళు మూసుకుంది. పది దాకా లెక్కపెడదామనుకుంది గానీ, అంత టైమెక్కడిది? కారుతున్న షాకబ్జర్లతోనే నీలం బండెక్కింది. "ఏ బండి భాగాలు ఆ బండికే చేర్చి పెట్టండి!" అని ఒక్క కేక పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పదిహేను చుట్లూ బండి నేల మీద ఎంతసేపుందో, గాల్లో ఎంతసేపుందో చెప్పడం కష్టం. ఆరో మలుపులో గెంతింది, తొమ్మిదో మలుపులో నాలుక కరిపించింది. అయినా ఆ పిల్ల స్టీరింగు వదల్లేదు. ఆఖరి మలుపులో ఒకణ్ణి దాటి అయిదో స్థానంలో గీత దాటింది.

బండి షెడ్డులో ఆపి అంది: "ఇప్పుడు తూకం ఆఫీసరొస్తాడు. బండి నాలుగొందల కిలోలకి తగ్గితే నా స్థానం పోతుంది. నేను మొదటి అయిదుగురికీ ఇచ్చే పతకం తీసుకొచ్చేలోగా దీన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి."

"ముట్టుకోకుండా ఎలా చూడ్డం?" నూకరాజు బుర్ర గోక్కున్నాడు.

"విప్పి సంచుల్లో కట్టేస్తే సరి! బండే కనబడకపోతే ఎవడు ముట్టుకుంటాడు?" అన్నాడు గవర్రాజు.

అప్పటికే వాళ్ళు, దమయంతి పెట్టిన కేక ప్రకారం ఏ భాగం ఏ బండిదో తేల్చడానికి, ఎర్ర బండిని విప్పి నేలంతా పరిచి ఉన్నారు. విప్పడంలో వాళ్ళంత చురుకైనవాళ్ళు జిల్లాలోనే లేరు. దమయంతి పతకంతో తిరిగొచ్చేసరికి బండి లేదు. దుప్పటి కప్పిన ఫ్రేము, పీపాలో ఇంజను, తొమ్మిది గోనెసంచులూ ఉన్నాయి.

తూకం ఆఫీసరు వచ్చి రూల్సు పుస్తకం తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. "విప్పిన బండిని తూచకూడదని ఇందులో లేదు," అన్నాడు. "ఎక్కించండి."

అన్నీ తూకం పళ్ళెం మీదికి ఎక్కాయి. ముల్లు నాలుగొందల రెండు దగ్గర ఆగింది. దమయంతి ఊపిరి పీల్చుకుంది. ఆఫీసరు పెన్ను తీశాడు.

"ఆగండి సార్!" గవర్రాజు ఓ సంచిలోకి చెయ్యి పెట్టాడు. "ఈ నాలుగు షాకబ్జర్లూ ఎర్ర బండివి. పొరపాటున దీన్లో కలిసిపోయాయి. మేం నిజాయితీపరులం," అంటూ బయటికి లాగేశాడు.

ముల్లు మూడొందల తొంభై నాలుగుకి దిగింది.

"మావయ్యా!" దమయంతి గొంతు చీరుకుపోయింది. "పొద్దున్నించీ నీలందానికి పెట్టమన్నది వాటినే! అందులోనే పెట్టు!"

"అవునా? ముందే చెప్పొచ్చు కదే!" అని గవర్రాజు షాకబ్జర్లని గుండెకి హత్తుకుని, పళ్ళెమెక్కి, సంచిలో దిగి కూర్చున్నాడు.

ముల్లు గిర్రున తిరిగి నాలుగొందల ఎనభై రెండు దగ్గర ఆగింది.

"తగ్గకూడదనే ఉంది, ఎక్కువుండకూడదని లేదు," అని ఆఫీసరు ఆ అంకె వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి వెళ్ళిపోయాడు. దమయంతి స్థానం దక్కింది, కొత్త బండీ దక్కింది.

దక్కనివాడు పెద్ద మావయ్యొక్కడే. గవర్రాజు సంచిలోంచి దిగలేదు.

"ఆఫీసరు ముద్ర కొట్టాడు. నేనిప్పుడు నీలం బండి భాగాన్ని," అన్నాడు తల మాత్రం బయటికి పెట్టి. "ఏ బండి భాగాలు ఆ బండికే అని నువ్వే కదా అన్నావు?"

దమయంతి ఎంత బతిమాలినా వినలేదు. ఈలోగా పైడిరాజు చేతిలో స్పానరుతో, నూకరాజు నోట్లో నాలుగు బోల్టులతో వచ్చి నిలబడ్డారు.

"అమ్మీ," అన్నాడు పైడిరాజు వినయంగా, "పెద్దన్నయ్యని ముందు చక్రం దగ్గర బిగించాలా, వెనక చక్రం దగ్గరా?"